చుట్టరికం, జబ్బు, గిర్ సింహం: హైదరాబాదు ప్రయోగశాలల చరిత్రలో ఒక పుట

తరతరాలుగా దగ్గరి రక్తసంబంధంలోనే సంతానం కలిగే జంతువుల గుంపులో, ఒకదాన్ని పడగొట్టిన జబ్బు తక్కినవాటినీ పడగొట్టే అవకాశం ఎక్కువ. ఒంట్లోకి చొరబడిన క్రిమిని పరాయిదిగా గుర్తుపట్టే జన్యువులు వాటన్నిటిలోనూ ఇంచుమించు ఒకే పోలికతో ఉండటం వల్ల, ఒక జంతువు రక్షణను ఛేదించిన వైరస్‌కు దాని తోబుట్టువు దగ్గర కొత్త అడ్డంకి ఎదురుకాదు. 1980ల తొలినాళ్లలో అమెరికాలోని ఓరెగాన్ సఫారీ పార్కులో పిల్లి జాతికి సోకే ఒక కరోనా వైరస్ సగానికి పైగా చీతాలను చంపగా, అక్కడే ఉన్న సింహాలకు ఆ జబ్బు రాలేదు. ఒక చీతా చర్మాన్ని చుట్టరికం లేని మరో చీతాకు అతికించినా ఒళ్లు వెంటనే తిరస్కరించనంతగా ఆ జాతిలో జన్యువులు ఒకే తీరుగా ఉన్నాయని అప్పుడే తేలింది.

వేట వల్ల కొన్ని పదులకు పడిపోయి, జునాగఢ్ నవాబుల రక్షణలో మళ్లీ పెరిగిన గుజరాత్‌లోని గిర్ అడవి సింహాలకూ ఇదే గతి పడుతుందన్న భయం, 1987లో అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ ఓబ్రయన్ బృందం వాటి ప్రోటీన్లలో తేడాలే కనబడలేదని ప్రకటించడంతో బలపడింది. దీనికి హైదరాబాదు నుంచే జవాబు వచ్చింది. కట్లపాము జాతి డీఎన్‌ఏ ఆధారంగా జన్యు ముద్రల పద్ధతిని రూపొందించిన లాల్జీ సింగ్, అక్కడి సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ)లోని సహచరులతో కలిసి 1997లో ప్రచురించిన పరిశోధనలో, ప్రోటీన్లను కాక నేరుగా డీఎన్‌ఏనే పరిశీలించి, ఆ సింహాల్లో చెప్పుకోదగిన వైవిధ్యం మిగిలే ఉందని చూపారు. పులుల విషయంలోనైతే 50 నుంచి 125 ఏళ్ల నాటి తోళ్లను సైతం పరీక్షించి, వాటిలోని వైవిధ్య లోపం నిన్నమొన్నటిది కాకపోవచ్చని గుర్తించారు. నగర చరిత్రలో ఈ పనికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

అయితే చుట్టరికమే సర్వస్వం కాదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో కుక్కలకు సోకే డిస్టెంపర్ వైరస్ సుమారు మూడోవంతు సింహాలను బలిగొన్నప్పుడు, కరువుకు చిక్కిన అడవి దున్నల నుంచి పిడుదుల ద్వారా అంటిన మరో రోగం కూడా తోడైంది. 2018లో గిర్‌లోనూ డిస్టెంపర్ కనిపించింది.

2021లో, హైదరాబాదు నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో మనుషుల కోవిడ్ నమూనాలను పరీక్షిస్తున్న కాలంలోనే, మీరాలం చెరువు పక్కన 1963లో తెరుచుకున్న నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోని గిర్ సింహాల జాతికే చెందిన ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకినట్లు సీసీఎంబీ నిర్ధారించింది. జబ్బు స్వల్ప లక్షణాలకే పరిమితమై, అవన్నీ కోలుకున్నాయి.