గచ్చు కింది చరిత్ర

పళ్లాసుపత్రికి వెళ్లినవాళ్లకు కనిపించేది కుర్చీ, దాని మీద దీపం. వాటిని పనిచేయించేవన్నీ గచ్చు కింద ఉంటాయి: గాలి గొట్టం, నీటి గొట్టం, మురుగు గొట్టం, కరెంటు తీగ, ఈమధ్య వాటికి తోడుగా నెట్ కేబుల్. టైల్స్ పడ్డాక కుర్చీని అడుగు పక్కకి జరపాలన్నా గచ్చు పగలగొట్టాల్సిందే. అందుకే పులికాట్ సరస్సు ఒడ్డున సూళ్లూరుపేటలోనో తడలోనో కొత్తగా ప్రాక్టీసు పెట్టే డాక్టరు, కుర్చీ ఏ కంపెనీదో తేల్చుకునే ముందే ఈ అయిదింటి దారి గీయించుకోవాలి. ఇవన్నీ ఒక్కసారిగా వచ్చినవి కావు. ఒక్కోటి ఒక్కో కాలంలో పులికాట్ ఒడ్డుకు చేరింది. ఏది రాకపోతే దానికి సంబంధించిన వైద్యమూ అంతవరకు ఇక్కడికి రాలేదు.

మొదట్లో ఏ ఏర్పాటూ అక్కర్లేదు. పొద్దున వేపపుల్ల, నొప్పి పుడితే లవంగం, ఓర్చుకోలేకపోతే పీకించుకోవడం. 1899లో బెజవాడ–మద్రాసు రైలు మార్గం సూళ్లూరుపేట మీదుగా పడ్డాక, కాస్త స్తోమత ఉన్నవాళ్లకు మద్రాసు దగ్గరైంది. ఆ నగరంలో చైనా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు కూడా పళ్లు కట్టే పని చేసేవి. వాళ్లలో చాలామంది హూబే ప్రాంతంవాళ్లు. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకున్న విద్య అది. సామాను సంచిలో పట్టేది, రోడ్డు పక్క కూడా పని నడిచేది.

కరెంటు లేని చోట పన్ను తొలవడానికి కాలే ఆధారం. అమెరికాలో జేమ్స్ మారిసన్ 1871లో పేటెంటు తీసుకున్న యంత్రం కుట్టుమిషను లాంటిదే. డాక్టరు కాలితో తొక్కుతుంటే బరమా నిమిషానికి సుమారు 2000 చుట్లు తిరిగేది. నాలుగేళ్లకే జార్జ్ గ్రీన్ కరెంటు బరమాకు పేటెంటు తీసుకున్నాడు కానీ, కరెంటు రాని ఊళ్లకు దాంతో ఒరిగిందేమీ లేదు. ఎంత మంచి పరికరమైనా ఊరి తీగ కోసం ఎదురుచూడక తప్పదని దంతవైద్యం అప్పుడే నేర్చుకుంది.

చదువు కూడా ఆలస్యంగానే వచ్చింది. అమెరికాలో అయోవాలో చదివొచ్చిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో దేశంలోనే మొదటి డెంటల్ కాలేజీ పెట్టారు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. పట్టా ఉన్నవాళ్లను రిజిస్టరులో 'ఎ' భాగంలో, పట్టా లేకున్నా అప్పటికే ఆ వృత్తిలో బతుకుతున్నవాళ్లను 'బి' భాగంలో చేర్చారు. చేతివిద్యతో బతికిన కుటుంబాలను ఒక్క కలంపోటుతో రోడ్డున పడేయకుండా, ఇకపై వచ్చేవాళ్లు చదివే రావాలన్న ఆ ఏర్పాటు నిజంగా మెచ్చుకోదగ్గది. 1953 ఆగస్టులో మద్రాసు మెడికల్ కాలేజీలో దంత విభాగం మొదలైంది. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అప్పటి నెల్లూరు జిల్లా చివరి అంచున ఉన్న పులికాట్ ఊళ్లు ఆంధ్రలోకి వచ్చాయి, కొత్తగా తెరుచుకున్న డెంటల్ కాలేజీ మాత్రం సరిహద్దుకు అవతలే ఉండిపోయింది. హైదరాబాదులో ప్రభుత్వ డెంటల్ కాలేజీ రావడానికి 1959 దాకా ఆగాల్సి వచ్చింది. సూళ్లూరుపేట వాళ్లకు అది మద్రాసు కన్నా ఎన్నో రెట్లు దూరం.

ఇక గాలి సంగతి. దంతవైద్యాన్ని అన్నిటికన్నా మార్చింది ఇదే. 1957లో అమెరికాలో జాన్ బోర్డెన్ ఎయిరోటర్‌ను తెచ్చాడు. ఒత్తిడి పెట్టిన గాలి చిన్న టర్బైనును తిప్పితే బరమా నిమిషానికి 3 లక్షల చుట్లు తిరిగింది. గంటసేపు నరకంగా సాగే పని నిమిషాల్లోకి వచ్చింది. అయితే అంత వేగానికి పన్ను వేడెక్కిపోతుంది కాబట్టి బరమా కొసన నీళ్లు చిమ్మాలి. ఆ నీళ్లను నోట్లోంచి లాగేయడానికి సక్షన్ ఉండాలి. లాగిన నీళ్లు పోవడానికి మురుగు దారి ఉండాలి. ఒక్క పరికరం రాగానే గదికి కంప్రెసరు, ట్యాంకు, పైపులు అన్నీ కావాల్సి వచ్చాయి. సంచి మోసుకుని తిరిగే వైద్యం అక్కడితో గచ్చులో పాతుకుపోయింది.

పులికాట్ గాలికి ఈ పరికరంతో ఓ పేచీ ఉంది. చిల్కా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అవతల శ్రీహరికోట, ఆపైన సముద్రం. ఇక్కడి గాలిలో తేమా ఉప్పూ రెండూ ఎక్కువే. తేమ గాలిని ట్యాంకులోకి కుక్కితే అది చల్లారి అడుగున నీరవుతుంది. రోజూ అడుగు కుళాయి తిప్పి ఆ నీరు వదలకపోతే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం నోట్లో జరుగుతుంది. పంటి రంగు ఫిల్లింగు పట్టు కుదరాలంటే గుంటను శుభ్రమైన పొడిగాలితో ఆరబెట్టాలి. గాలితో పాటు తుంపర కానీ నూనె కానీ వచ్చిందంటే, ఆ పూటకు బాగానే కనిపించిన ఫిల్లింగు కొన్నాళ్లకు ఊడిపోతుంది. అందుకే ఈ ఒడ్డున నూనె లేని కంప్రెసరు, లోపల పూత ఉన్న ట్యాంకు, గాలిని ఆరబెట్టే డ్రయ్యరు తప్పనిసరి. ఖర్చు తగ్గించుకోవాలంటే కుర్చీ హంగుల్లో తగ్గించుకోవాలి, వీటిలో కాదు.

నీళ్లకు ఇంకా పాత కథ ఉంది. 1937లో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్ బృందం మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ ఉందని ప్రకటించింది. అది బయటపడిన ఊళ్లు అప్పటి నెల్లూరు జిల్లావే. పొదిలి, దర్శి, కనిగిరి మెట్ట ప్రాంతం 1970 దాకా ఆ జిల్లాలోనే ఉండేది. ఫ్లోరైడ్ తగిలినవాళ్లలో పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, ముదిరితే ఎముకలు బిగుసుకుపోవడం కనిపిస్తాయి. తాగేనీటిలో ఏముందో పన్ను చూసి చెప్పవచ్చని మన దేశానికి తెలియజెప్పిన తొలి ప్రాంతాల్లో ఆ జిల్లా ఒకటి. పులికాట్ గట్టున బాధ ఉప్పుది. బోరు నీళ్లను నేరుగా కుర్చీకి కలిపితే సున్నం పేరుకుని, హ్యాండ్‌పీసు కొసనున్న వెంట్రుకంత రంధ్రాలు పూడుకుపోతాయి. 134 డిగ్రీల ఆవిరితో పరికరాలు శుద్ధి చేసే ఆటోక్లేవుకైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే ఆ ఇంటి బోరు నీళ్లు పరీక్ష చేయించడం మంచిది.

పంటి ఎక్స్‌రే కథ 1896 జనవరిలో జర్మనీలో మొదలైంది. రాంట్‌జెన్ కిరణాలు కనిపెట్టిన కొద్ది వారాలకే ఓటో వాల్కాఫ్ తన పళ్లకే ఫొటో తీసుకున్నాడు. అందుకు 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు సెకనులో చిన్న భాగం చాలు. మన దేశంలో దంత ఎక్స్‌రే యంత్రాన్ని కూడా 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి దగ్గర నమోదు చేయాలి. గది గీతలో మొదటే చోటు చూసుకుంటే 9 అంగుళాల ఇటుక గోడ వెనక పని సాఫీగా సాగుతుంది. ప్లైవుడ్ అడ్డుగోడలు కట్టేశాక గుర్తొస్తే మళ్లీ మేస్త్రీని పిలవాల్సిందే.

ఒకప్పుడు ఇంత సరంజామా అక్కర్లేని ఊరికి ఇంతమంది రోగులు ఎలా వచ్చారంటే, 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకోవడంతో ఈ ఒడ్డు రాత మారింది. తరాలుగా ఆ దీవినే నమ్ముకున్న యానాదులు తరలిపోవాల్సి వచ్చింది. ఆ బాధ ఈ ప్రగతి లెక్కలో ఎప్పుడూ రాసి ఉండాలి. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్, రోహిణి–125, లేచింది. సరస్సు మీదుగా రోడ్డు, ఉద్యోగుల కుటుంబాలు, సూళ్లూరుపేటలో బజారు, ఆసుపత్రులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆ తర్వాత 2008లో శ్రీసిటీ పారిశ్రామిక వాడ మొదలై, తడ చుట్టుపక్కల ఫ్యాక్టరీ జీతగాళ్లు పెరిగారు.

ఇక నెట్ సంగతి. దూరం నుంచి వైద్యం అందించడానికి అనుసంధానం ఏం చేయగలదో చిత్తూరు జిల్లా ముందే చూపింది. అపోలో వ్యవస్థాపకులు ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు అరగొండలోని ఆసుపత్రిని ఇస్రో సాయంతో ఉపగ్రహానికి కలిపారు. 2000 మార్చి 24న బిల్ క్లింటన్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. పల్లె ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రేను నగరంలో స్పెషలిస్టు చూడగలిగారు. అప్పటికి పళ్లకూ ఆ వీలు సిద్ధంగానే ఉంది: ఫ్రాన్సులో ఫ్రాన్సిస్ మూయెన్ రూపొందించిన ఆర్‌విజి అనే పరికరం 1987లోనే ఫిల్ము లేకుండా పంటి ఎక్స్‌రేను తెర మీద చూపింది. ఇప్పుడు సూళ్లూరుపేటలో తీసిన బొమ్మను చెన్నైలోనో తిరుపతిలోనో ఉన్న సర్జనుకు క్షణాల్లో పంపవచ్చు. చిన్న సెన్సారు బొమ్మకు మామూలు లైను చాలు. దవడ మొత్తం తీసే త్రీడీ స్కానుకు మాత్రం ఫైలు చాలా పెద్దది. అందుకే ప్రతి కుర్చీకీ, ఎక్స్‌రే గదికీ, రిసెప్షనుకూ విడివిడిగా కేబుల్ పైపు గోడ పూతకు ముందే పడాలి.

ఈ ఒడ్డున గీతలో మరో అంశం చేరాలి, అది తుఫానుల కాలం. 1984 నవంబరు తుఫాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినా, దారిలో తిరుపతి, నెల్లూరు జిల్లాలను వానలతో ముంచెత్తింది. తుఫాను పూట కరెంటు పోతుంది, నెట్ పోతుంది, కింది అంతస్తులో నీళ్లు నిలుస్తాయి. కంప్రెసరు మోటారు మొదలయ్యేటప్పుడు చాలా కరెంటు లాగుతుంది కాబట్టి ఇంటికి పెట్టే ఇన్వర్టరు దాన్ని మోయలేదు. దానికి జనరేటరు చూసుకుని, ఇన్వర్టరును దీపాలకూ కంప్యూటరుకూ వదిలేయాలి. సర్వరును బల్ల కింద కాకుండా గోడ మీద ఎత్తుగా బిగించాలి. రోగుల వివరాల కాపీ ఒకటి వేరే ఊళ్లో భద్రంగా ఉండాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం ఆ వివరాలను కాపాడే బాధ్యతను డాక్టరు మీద కూడా పెట్టింది. ఇక సాఫ్ట్‌వేరు కొనేముందు అమ్మేవాణ్ణి నెట్ వైరు పీకి చూపించమనాలి: ఎదురుగా కుర్చీలో మనిషి నోరు తెరుచుకుని ఉన్నప్పుడు, నెట్ లేకున్నా అతని పాత ఎక్స్‌రే తెర మీదికి రావాలి.