నాంపల్లి సరాయి

పారసీ భాషలో ‘సరాయ్’ అంటే ఇల్లు, భవనం. ‘కార్వాన్’ అనే మాటతో కలిసినప్పుడు అది బిడారుల విడిది అయినది. తెలుగులో మొదటి అక్షరానికి దీర్ఘమిస్తే అర్థం పూర్తిగా చెడుతుంది. అందుకేనేమో మనవారిలో కొందరికి ముసాఫిర్‌ఖానా అనే మాటే ఇష్టం.

గోలకొండ వెలుపలి షేక్‌పేట సరాయి కుతుబ్‌షాహీల కాలం నాటిది. రెండంతస్తులు, సుమారు ముప్పది గదులు, ఒంటెలకు గుర్రాలకు శాలలు, చెంతనే మసీదు. మనిషితోపాటు అతని పశువుకు, సరకుకు కూడా రక్షణ కావలసిన కాలమది. కట్టడమంతా ఆ అవసరం నుండి పుట్టినదే.

1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1907లో నాంపల్లి స్టేషను వెలసింది. దానితో సరాయి స్థానం కోట వాకిలి నుండి స్టేషను చెంతకు మారింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1919లో, నాంపల్లి సరాయి నిర్మాణం జరిగింది. రైలు దిగినవానికి ఒంటె లేదు, గుర్రం లేదు. కనుక శాలల అవసరం తీరిపోయింది. మనిషికి గది అవసరం మాత్రం తీరలేదు.

నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు బీదర్ జిల్లాలో ఉండేది. రైలు లేని అటువంటి ప్రాంతం నుండి రాజధానికి పనిమీద వచ్చిన రైతుకు రాత్రి ఎక్కడ తలదాచుకోవాలన్నదే మొదటి చింత. డాక్ బంగళాలు ప్రధానంగా అధికారుల కొరకు. సరాయి బాటసారి కొరకు. ఈ తేడా చిన్నది కాదు. ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్ పొందదగినవారిలో ‘ఇబ్నుస్సబీల్’, అనగా బాటసారి, ఒకడు. స్వగ్రామంలో ఆస్తిపరుడైనా దారిలో చేయి ఖాళీ అయితే అతడు అర్హుడేనని ఫిఖహ్ పండితులు వివరించారు. అతనికి దక్కేది దయ కాదు, హక్కు.

1920లో ప్రారంభమైన హైకోర్టు భవనాన్ని మూసీ ఒడ్డున నిలిచి చూడనివారు అరుదు. దాని సమకాలికమైన సరాయి శిథిలమవుతుంటే పట్టించుకున్నవారు తక్కువ. గుమ్మటాలు లేని కట్టడాలను వారసత్వంగా గుర్తించడానికి మనకు ఆలస్యమవుతుంది. 2018లో నాంపల్లికి మెట్రో రైలు కూడా వచ్చింది. రాత్రివేళ స్టేషను ముంగిట మూటలు తలక్రింద పెట్టుకొని పడుకునేవారు మాత్రం ఇప్పటికీ కనిపిస్తారు.