చిరువ్యాపారులకు గ్రంథాలయ సేవలు: చరిత్ర

చిన్న వ్యాపారం నడుపుతున్నవారికి, కొత్తగా పెట్టాలనుకుంటున్నవారికి పౌర గ్రంథాలయాలు డబ్బు తీసుకోకుండా అందించే సమాచారం, సలహా, శిక్షణ ఈ సేవల కిందికి వస్తాయి. కంపెనీల చిరునామాలు, మార్కెట్ నివేదికలు, పేటెంట్లూ ట్రేడ్‌మార్కులూ వెతుక్కునే వీలు, ప్రాజెక్టు రిపోర్టు రాసుకోవడంలో సాయం, వ్యాపారంలో తలపండినవారితో ముఖాముఖి వీటిలో ముఖ్యమైనవి. గ్రంథాలయం అప్పు ఇవ్వదు, లైసెన్సు ఇవ్వదు. ఈ వ్యాపారం గిట్టుబాటవుతుందా అని అడిగితే అవుననీ చెప్పదు, కాదనీ చెప్పదు. తేల్చుకోవడానికి కావలసిన కాగితాలు తెచ్చి ముందు పెడుతుంది. ఈ పద్ధతి ప్రధానంగా బ్రిటన్, అమెరికాలలో పెరిగింది.

గుమాస్తాల చందా గదులు

వ్యాపారస్తుల కోసం గ్రంథాలయాలు పౌర గ్రంథాలయాల కంటే ముందే పుట్టాయి. 1820లో బోస్టన్‌లోనూ న్యూయార్క్‌లోనూ దుకాణాల్లో, కొట్లలో పనిచేసే కుర్ర గుమాస్తాలు కలిసి మర్కంటైల్ లైబ్రరీలు పెట్టుకున్నారు. చందా కట్టినవారికే పుస్తకం. పేరులో వర్తకం ఉన్నా, అక్కడ గుమాస్తాలు చదివిన వాటిలో నవలలూ చరిత్రలూ చాలానే ఉండేవి. పగలంతా పద్దులు రాసినవాడు రాత్రి కూడా పద్దుల పుస్తకమే చదవాలని ఏముంది? ఏమైనా సభ్యత్వం లేనివాడికి తలుపు తెరుచుకోలేదు కాబట్టి వీటిని ఈ చరిత్రకు ముందుమాటగానే లెక్కించాలి.

పేటెంటు పత్రాలు అందరికీ

ఉచిత సేవకు అసలు పునాది పేటెంటు కార్యాలయంలో పడింది. పేటెంటు అంటే ఒక ఒప్పందం. కొత్త పరికరం కనిపెట్టినవాడికి కొన్నేళ్లపాటు దానిమీద గుత్త హక్కు దక్కుతుంది. బదులుగా అతను దాని గుట్టు కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం ఎవరికీ కనబడని చోట మూలుగుతుంటే ఒప్పందంలో ప్రజల వాటా ఎగవేసినట్టే. ఇంగ్లండులో పంతొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా జరిగింది దాదాపు అదే.

దీన్ని మార్చినవాడు బెనెట్ వుడ్‌క్రాఫ్ట్ (1803–1879). బట్టల తయారీ కుటుంబంలోంచి వచ్చాడు. ఓడల ప్రొపెల్లర్ల మీద స్వయంగా పేటెంటు పొందిన మనిషి, అంటే కౌంటరుకు అవతలి పక్క నిలబడి విసిగినవాడు. 1852 చట్టం తరవాత పేటెంటు కార్యాలయంలో పత్రాల బాధ్యత అతని చేతికొచ్చింది. 1617 నుంచి 1852 వరకు ఇచ్చిన 14,359 పాత పేటెంట్లకు సూచికలు తయారుచేయించి, పత్రాలను అచ్చువేయించాడు. 1855లో లండన్‌లో పేటెంటు కార్యాలయ గ్రంథాలయం తెరిచాడు. ప్రవేశ రుసుము లేదు. ఇరుకైన నడవాలో ఉండేది కనుక చదివేవాళ్లు దాన్ని ‘డ్రెయిన్ పైప్’ అని వెక్కిరించేవారు. అచ్చయిన పత్రాల ప్రతులను ఇతర పట్టణాలకు ఊరికే పంపేవారు, ప్రజలను ఊరికే చూడనివ్వాలన్న షరతుతో. అమెరికా కూడా 1871 చట్టంతో పేటెంట్ల ప్రతులను గ్రంథాలయాలకు పంచడం మొదలుపెట్టింది. అక్కడి ఆ ఏర్పాటు ఇప్పటికీ పేటెంట్ అండ్ ట్రేడ్‌మార్క్ రిసోర్స్ సెంటర్ల పేరుతో నడుస్తోంది.

నెవార్క్ వ్యాపార శాఖ

అమెరికా వెళ్లివచ్చే తెలుగువారికి నెవార్క్ ఒక విమానాశ్రయం పేరు. గ్రంథాలయ చరిత్ర తెలిసినవారికి అది జాన్ కాటన్ డానా ఊరు. డానా (1856–1929) చదివింది న్యాయశాస్త్రం. కొలరాడోలో భూమి సర్వే పనులు చేశాడు. 1889లో డెన్వర్ గ్రంథాలయానికి అధికారి అయ్యాక, అరల దగ్గరికి పాఠకుణ్ణి నేరుగా వెళ్లనిచ్చాడు, పిల్లలకు విడి గది పెట్టాడు. 1902లో నెవార్క్ వచ్చాడు. అప్పటి నెవార్క్ తోలు పరిశ్రమకు, నగల తయారీకి, బీమా కంపెనీలకు పేరుపడ్డ ఊరు. జనమంతా ఏదో ఒక పనిలో, బేరంలో తలమునకలుగా ఉన్నారు. గ్రంథాలయం మాత్రం తీరిక ఉన్నవాళ్ల కోసం ఎదురుచూస్తోంది.

1904లో డానా ఊరి వ్యాపార కూడలి దగ్గర ఒక శాఖ తెరిచాడు. అమెరికాలో వ్యాపారానికంటూ పౌర గ్రంథాలయం పెట్టిన మొదటి శాఖ ఇదే. అక్కడి సరుకు చూసి పుస్తకప్రియులు ముక్కు విరిచి ఉంటారు. నగరాల డైరెక్టరీలు, వృత్తులవారీ డైరెక్టరీలు, టెలిఫోన్ పుస్తకాలు, పటాలు, వర్తక పత్రికలు, కరపత్రాలు. డానా గొప్పతనం ఈ ఎంపికలోనే ఉంది. నెవార్క్‌లో తోలు అమ్మేవాడికి కావలసింది వ్యాపార విజయ రహస్యాలు బోధించే గ్రంథం కాదు, షికాగోలో చెప్పులు కుట్టించే కంపెనీల చిరునామాలు. ఒక్కో నగరం డైరెక్టరీ కొనాలంటే చిన్న దుకాణదారుకు తలకు మించిన ఖర్చు. ఊరంతటికీ కలిపి ఒక ప్రతి కొంటే అందరికీ సరిపోతుంది. పైగా నిరుటి డైరెక్టరీ ఈ ఏడు పనికిరాదు. పుస్తకాన్ని పదిలపరచడమే తన ధర్మమనుకునే గ్రంథపాలకుడికి, వాడి పారేయవలసిన పుస్తకం కొనడం మింగుడుపడని సంగతి. డానా దాన్ని పద్ధతిగా మార్చాడు.

ఈ శాఖను నడిపిన సారా బాల్, న్యూయార్క్ వర్తక సంఘం గ్రంథపాలకురాలు అన్నా సియర్స్ తమ పనికి మామూలు గ్రంథాలయ పాఠాలు చాలవని గమనించారు. వారి ఆలోచనే 1909లో బ్రెటన్ వుడ్స్‌లో స్పెషల్ లైబ్రరీస్ అసోసియేషన్‌గా రూపుకట్టింది. మొదటి అధ్యక్షుడు డానా. పేరు అతనికే ఎక్కువ దక్కినా, రోజూ కౌంటరు దగ్గర నిలబడి అడిగినవాడికి జవాబు వెతికింది ఎక్కువగా ఆడవాళ్లేనని మరిచిపోకూడదు. తరవాత ఈ శాఖను చాలాకాలం నడిపిన మేరియన్ మ్యాన్లీ, చిన్న పట్టణాల గ్రంథాలయాలు కూడా ఈ సేవ ఎలా చేయగలవో వివరిస్తూ 1946లో ఒక పుస్తకం ప్రచురించారు.

బ్రిటన్‌లో మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1916లో గ్లాస్గో, మరుసటి ఏడు లివర్‌పూల్ కమర్షియల్ లైబ్రరీలు పెట్టాయి. మరికొన్ని పారిశ్రామిక నగరాలు అదే దారి పట్టాయి. బోస్టన్‌లో 1930లో కిర్‌స్టైన్ వ్యాపార గ్రంథాలయం వచ్చింది. ఫైలీన్స్ దుకాణ భాగస్వామి లూయీ కిర్‌స్టైన్ తండ్రి జ్ఞాపకార్థం దాన్ని కట్టించాడు. 

ఒక పాఠకుడి కథ

గ్రంథాలయం వ్యాపారానికి ఏం చేయగలదో చెప్పడానికి చెస్టర్ కార్ల్‌సన్‌ను మించిన ఉదాహరణ దొరకదు. విశేషం ఏమిటంటే అతనికి ఎవరూ సలహా ఇవ్వలేదు, శిక్షణ ఇవ్వలేదు. బల్ల, దీపం, పుస్తకాలు మాత్రం ఉన్నాయి. 1930లో భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని ఆర్థిక మాంద్యం మధ్యలో పడ్డాడు. ఒక ఉద్యోగం పోయి, చివరికి న్యూయార్క్‌లో మాలరీ కంపెనీ పేటెంటు విభాగంలో కుదురుకున్నాడు. పేటెంటు పత్రాలకు, బొమ్మలకు నకళ్లు ఎన్ని ఉన్నా చాలేవి కావు. సాయంత్రం న్యాయ కళాశాల. పాఠ్యపుస్తకాలు కొనే స్తోమతు లేక, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని చేత్తో ఎత్తి రాసుకునేవాడు. నకలు తీసే యంత్రం ఉంటే ఎంత బాగుండునో అతనికి రెండు వైపుల నుంచీ తెలిసొచ్చింది.

అదే గ్రంథాలయంలో నెలల తరబడి శాస్త్ర పత్రికలు తిరగేశాడు. ఫొటోగ్రఫీ దారిలో పెద్ద కంపెనీలు అప్పటికే దూరం వెళ్లాయని గ్రహించి, వెలుతురు పడితే విద్యుత్ వాహకత మారే పదార్థాల వైపు తిరిగాడు. హంగరీ శాస్త్రవేత్త పాల్ షెలేన్యి రాసిన వ్యాసాలు అతనికి దారి చూపాయి. 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని అస్టోరియాలో ఒక అద్దె గదిలో, గంధకం పూసిన పలక మీద నుంచి ఆ తేదీ, ఆ చోటు పేరూ కాగితం మీదికి దిగాయి. ఆ తరవాత ఇరవైకి పైగా కంపెనీలు అక్కర్లేదన్నాయి. 1942లో పేటెంటు, 1944లో బ్యాటెల్ పరిశోధన సంస్థ చేయూత, 1959లో జిరాక్స్ 914 నకలు యంత్రం. అచ్చు కాగితాల కోసం గ్రంథాలయానికి పోయినవాడు గ్రంథాలయాలన్నిటికీ ఒక యంత్రం తెచ్చిపెట్టాడు.

సలహాదారు బల్ల

రెండో ప్రపంచ యుద్ధం తరవాత ప్రభుత్వాలు చిన్న వ్యాపారాన్ని విడిగా పట్టించుకోవడం మొదలైంది. అమెరికాలో 1953లో స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, 1964లో దాని అండతో స్కోర్ ఏర్పడ్డాయి. స్కోర్ రిటైరైన అధికారుల, వ్యాపారుల స్వచ్ఛంద దళం. వారికి కూర్చునే చోటు కావాలి, గ్రంథాలయాలకు సలహా ఇచ్చేవాళ్లు కావాలి. రెండూ సహజంగానే కలిశాయి. గ్రంథపాలకుడు చెప్పకూడని మాట, అంటే ఈ ధరకు అమ్మితే నష్టపోతావు అన్న మాట, పక్క బల్ల దగ్గరి స్వచ్ఛంద సలహాదారు చెప్పవచ్చు.

1996లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, పాత బి.ఆల్ట్‌మన్ దుకాణ భవనంలో సైన్స్, పరిశ్రమ, వ్యాపార గ్రంథాలయాన్ని 10 కోట్ల డాలర్ల ఖర్చుతో తెరిచింది. కంప్యూటర్లు నిండిన అంత పెద్ద భవనం భవిష్యత్తుకు నమూనా అనిపించింది. భవిష్యత్తు మరో దారిన వచ్చింది. 1998లో యూరప్ పేటెంటు కార్యాలయం ఎస్పాస్‌నెట్‌ను ఇంటర్నెట్‌లో ఊరికే అందుబాటులో పెట్టింది. వుడ్‌క్రాఫ్ట్ ఊళ్లకు మోయించిన కాగితాలు ఇప్పుడు ఇంట్లో తెర మీద. టెలిఫోన్ పుస్తకాల పనీ అలాగే అయింది. ఆ భవనం తరవాత మూతపడి, దాని పని ఫిఫ్త్ అవెన్యూలోని స్టావ్రోస్ నియార్కోస్ ఫౌండేషన్ లైబ్రరీలో ఒక విభాగంగా మిగిలింది. అరలు తగ్గి, మనుషులతో మాట్లాడే బల్లలు పెరిగాయి. బ్రూక్లిన్ గ్రంథాలయం 2003 నుంచి సిటీ ఫౌండేషన్ నిధులతో కొత్త వ్యాపారుల ప్రాజెక్టు రిపోర్టులకు పోటీ పెడుతోంది. గెలిచినవారికి నగదు బహుమతి ఇస్తారు కాబట్టి ‘గ్రంథాలయం డబ్బు ఇవ్వదు’ అన్న సూత్రానికి ఇదొక మినహాయింపు.

లండన్ కేంద్రం, దాని శాఖలు

వుడ్‌క్రాఫ్ట్ గ్రంథాలయం చేతులు మారుతూ వచ్చి, చివరికి 1973లో ఏర్పడిన బ్రిటిష్ లైబ్రరీలో కలిసింది. 2006లో సెయింట్ పాంక్రస్ భవనంలో, లండన్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ సాయంతో, బిజినెస్ అండ్ ఐపీ (మేధో సంపత్తి) సెంటర్ తెరుచుకుంది. ఒక్కో మార్కెట్ నివేదిక వెల వెయ్యి పౌండ్లు దాటవచ్చు. ఇక్కడ వాటిని ఎవరైనా ఊరికే చదవవచ్చు, కానీ అక్కడే కూర్చుని. అమ్మినవారి షరతులు అలాంటివి. ఇంట్లో అన్నీ దొరికే కాలంలోనూ ఈ బల్లలు నిండుగా ఉండడానికి అసలు కారణం ఇదే. ఇంటర్నెట్‌లో ఊరికే దొరికేది, డబ్బు పెట్టినవాడికి దొరికేది ఒకటి కాదు.

ఈ కేంద్రాల్లో మొదట నేర్పే జాగ్రత్త ఒకటుంది. పేటెంటుకు దరఖాస్తు పెట్టకముందే మీ ఊహను పదిమందికీ చెప్పకండి. బ్రిటన్‌లోనూ యూరప్‌లోనూ ముందే బయటపడ్డ విషయానికి కొత్తదనం పోతుంది, పేటెంటు రాదు. అందుకే వచ్చినవారి పరికరం ఏమిటో సిబ్బంది గుచ్చి గుచ్చి అడగరు. వెతికే పద్ధతి చూపించి పక్కకు తప్పుకుంటారు.

2012 తరవాత న్యూకాజిల్, లీడ్స్, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, లివర్‌పూల్, షెఫీల్డ్ నగర గ్రంథాలయాల్లో ఇలాంటి కేంద్రాలు వచ్చాయి. 2019లో బ్రిటిష్ లైబ్రరీ వెలువరించిన నివేదిక ప్రకారం మూడేళ్లలో ఈ కేంద్రాల సాయంతో 12,288 వ్యాపారాలు మొదలయ్యాయి, పెట్టినవారిలో 55 శాతం మహిళలు. సంస్థ తన గురించి తాను వేసుకున్న లెక్క కాబట్టి మొదటి అంకెను కొంచెం పట్టి చూడాలి. గ్రంథాలయానికి రాకపోయినా వ్యాపారం పెట్టేవారు వాళ్లలో కొందరుంటారు. 55 శాతం మాత్రం విలువైన సంగతి. బ్యాంకు గది గుమ్మంలో తడబడేవారు గ్రంథాలయంలోకి సంకోచం లేకుండా రాగలరని అది చెబుతోంది. 2020 మార్చి బడ్జెట్‌లో వీటి విస్తరణకు ప్రభుత్వం 1.3 కోట్ల పౌండ్లు కేటాయించింది. అదే దేశంలో అంతకుముందు పదేళ్లలో నిధుల కోతతో వందలాది శాఖా గ్రంథాలయాలు మూతపడ్డాయన్నదీ ఇక్కడ చెప్పుకోవాలి.

తెలుగు నేల మీద

భారతదేశంలో చిన్న పరిశ్రమల సలహా గ్రంథాలయాల ద్వారా కాక వేరే సంస్థల ద్వారా నడిచింది. 1960లో ఢిల్లీలో పుట్టి 1962లో హైదరాబాదుకు తరలివచ్చిన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ (అప్పట్లో సియెట్, ఇప్పుడు ని-ఎంఎస్‌ఎంఈ) యూసుఫ్‌గూడలో ఉంది. చిన్న పరిశ్రమల సమాచారాన్ని కూడబెట్టే సెన్‌డాక్ అనే కేంద్రం అందులో భాగం. 1978 నుంచి జిల్లా పరిశ్రమల కేంద్రాలు వచ్చాయి. కొత్తగా యూనిట్ పెట్టేవాడు వెళ్లేది వాటి దగ్గరికే. జిల్లా కేంద్ర గ్రంథాలయాల బల్లల దగ్గర ఎక్కువగా కనబడేది పోటీ పరీక్షలకు చదివే యువత. రెండు తలుపుల మధ్య దారి పడలేదు. అయితే 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సుంకం వసూలవుతూనే ఉంది. కొట్టు కట్టుకున్న చిల్లర వర్తకుడూ అది కడుతున్నాడు. డైరెక్టరీలు, మార్కెట్ నివేదికలు ఉన్న ఒక్క అర తన ఊరి గ్రంథాలయంలో కావాలని జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు.