ఆ 'రా' ఎవరిని పిలుస్తోంది?

మార్కాపురం, గిద్దలూరు వైపు కాలేజీల్లో వార్షికోత్సవం అంటే ధైర్యం చెప్పే పాట ఒకటి ఉండి తీరాలి. ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఇన్నేళ్ళలో అలాంటివి ఎన్ని విన్నానో! పాడేది చాలాసార్లు అమ్మాయి. ఈలలు వేసేది అబ్బాయిలు. పాట పొడుగునా 'రా', 'రా' అన్న పిలుపు. మన భాషలో ధైర్యం చెప్పడానికి కూడా లింగభేదం ఉంది మరి. 'లేవరా' అంటే యుద్ధానికి, 'లేవవే' అంటే పొయ్యి దగ్గరికి.

1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'లో వీరుణ్ణి మేలుకొలిపే పాటకు శ్రీశ్రీ జాతీయ అవార్డు అందుకున్నాడు. 1992లో 'పట్టుదల' సినిమాకు సిరివెన్నెల ఓటమిని ఒప్పుకోవద్దని రాశాడు. రెండూ నాకిష్టమే. మగవాళ్ళను ఉద్దేశించి రాశారని నాకు కోపం లేదు. నేను వెతికేది ఆ పాటల పక్కన నిలబడిన ఆడవాళ్ళ కోసం. మా పొరుగున పల్నాడు ఉంది. బాలచంద్రుణ్ణి యుద్ధానికి సాగనంపిన మాంచాలను వీరగాథ ఎంతగానో మెచ్చుకుంటుంది. ఆమెకు ధైర్యం చెప్పిందెవరు?

ఇది మన ఒక్కరి సంగతే అనుకోనక్కర్లేదు. ప్రపంచమంతా ఓదార్పుగా పాడుకునే బీటిల్స్ పాట 'హే జూడ్' 1968లో పుట్టింది. జాన్ లెనన్ తన భార్య సింథియాను వదిలి యోకో ఓనో దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తల్లీకొడుకులను పలకరించడానికి కారులో వెళ్తూ పాల్ మెకార్ట్నీ ఈ పాట మొదలుపెట్టాడు. మొదట అందులో ఉన్న పేరు జూల్స్, అంటే ఐదేళ్ళ కొడుకు జూలియన్. పాల్ మంచి మనసుతోనే వెళ్ళాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఇంట్లో దెబ్బతిన్న మనుషులు ఇద్దరు. ఏడు నిమిషాలు దాటిన పాట కొడుక్కి దక్కింది. సింథియా తన కథను తానే రాసుకోవాల్సి వచ్చింది, 1978లో ఒకసారి, 2005లో మరోసారి. ఆ పాట తెలిసినవాళ్ళలో ఎంతమంది ఆ పుస్తకాలు చదివి ఉంటారు?

మళ్ళీ మా వేదిక దగ్గరికి వస్తే, అక్కడ ఎక్కువగా వినబడేది 2004 నాటి 'నా ఆటోగ్రాఫ్' పాట. చంద్రబోస్ రాశాడు, కీరవాణి స్వరపరిచాడు, చిత్ర పాడింది. ప్రేమలో దెబ్బతిన్న హీరోకు ఊపిరి పోసే పాట అది. దీని తమిళ మూలాన్ని పాడినందుకు చిత్రకు జాతీయ అవార్డు వచ్చింది. విచిత్రమేమంటే ఈ పాటలో 'రా' లేదు. స్నేహితుడో స్నేహితురాలో తేల్చని పిలుపు ఒకటి ఉంది. కాబట్టి అమ్మాయిలు తమకోసం కూడా పాడుకోవచ్చు అనుకున్నాను. ఒక ఏడాది ఆ పాటకు మొదటి బహుమతి తెచ్చుకున్న పిల్ల, పలకల పనిచేసే తల్లి కూతురు, ఆ వేసవిలోనే పెళ్ళయి వెళ్ళిపోయింది. తమ్ముడు ఒంగోలుకు కోచింగుకు వెళ్ళాడు. ఇంట్లో ఆమె రోజూ సాధన చేసిన పాట వాడికి బాగా పనికొచ్చింది.

ఆడవాళ్ళు ఆడవాళ్ళను పిలుచుకున్న పాటలు మనకు లేవా? మా జిల్లాకు ఆనుకునే నెల్లూరు ఉంది. దూబగుంటలో అక్షరాస్యత వాచకంలోని 'ఆడవాళ్ళు ఏకమైతే' పాఠం చదివిన స్త్రీలు సారా దుకాణం మీదికి నడిచారు. 1992కల్లా అది పెద్ద ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు పాటలు కట్టుకుని పాడారు. వాటికి సినిమా లేదు, అవార్డు లేదు, కట్టినవాళ్ళ పేర్లు కూడా చాలావరకు మిగల్లేదు.

ఈమధ్య మా అమ్మాయిలకు ఒక పని పెట్టాను. అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి ఆనాటి పాట ఒక్కటైనా రాసుకు రమ్మన్నాను. వచ్చినవి కొన్నే. ఎక్కువగా అక్కా, వదినా అన్న పిలుపులే. 'రా' కూడా ఉంది, తాగొచ్చిన మొగుణ్ణి తిట్టేచోట.