వృద్ధుల్లో మూత్రాశయ క్యాన్సర్ శస్త్రచికిత్స: చరిత్ర

క్యాన్సర్ మూత్రాశయపు లోపలి పొర దాటి కండరంలోకి పాకితే, సంచిని మొత్తంగా తీసేయడమే చాలాకాలంగా ప్రధాన చికిత్స. దీన్ని రాడికల్ సిస్టెక్టమీ అంటారు. పురుషుల్లో ప్రొస్టేట్‌ను, స్త్రీలలో తరచు గర్భాశయాన్ని, ఇద్దరిలోనూ చుట్టుపక్కల లింఫు గ్రంథులను కూడా తొలగిస్తారు. మూత్రాశయ క్యాన్సర్ ప్రధానంగా పెద్దవయసు జబ్బు. అమెరికాలో సుమారు సగం మందికి 73 ఏళ్లు దాటాకే బయటపడుతోంది. అయినా వృద్ధులకు ఈ ఆపరేషన్ దక్కడం ఆలస్యమైంది. సంచిని కోసి తీయడం కన్నా, ఆ తర్వాత మూత్రాన్ని ఎటు మళ్లించాలన్నదే సర్జన్లను ఎక్కువ కాలం వేధించింది.

1887లో జర్మనీలోని కొలోన్‌లో బార్డెన్‌హోయర్ అనే సర్జన్ తొలిసారి మూత్రాశయాన్ని పూర్తిగా తొలగించాడు. కిడ్నీల నుంచి వచ్చే నాళాలను దేనికీ కలపలేకపోయాడు. రెండు వారాలకు, రక్తంలో మలినాలు పేరుకునే యురీమియాతో రోగి చనిపోయాడు. తర్వాతి దశాబ్దాల్లో ఆ నాళాలను పెద్దపేగుకు కలిపేవారు. మూత్రం మలంతో కలిసి పోయేది, ఇన్ఫెక్షన్లు కిడ్నీల దాకా ఎగబాకేవి. పేగు మూత్రంలోని లవణాలను పీల్చుకోవడంతో రక్తంలో ఆమ్లం పెరుగుతుందని 1950లో ఫెరిస్, ఒడెల్ అనే వైద్యులు చూపించారు. అప్పటికే బలహీనపడిన కిడ్నీలున్న వృద్ధులు దీన్ని తట్టుకోవడం కష్టం.

అదే ఏడాది అమెరికాలో యూజీన్ బ్రికర్ చిన్నపేగులో ఓ ముక్క కత్తిరించి, నాళాలను దానికి అతికించి, రెండో కొసను పొట్టమీద తెరిచాడు. మూత్రం బయట తగిలించిన సంచిలోకి చేరుతుంది. ఇలియల్ కాండ్యూట్ అనే ఈ పద్ధతి నేటికీ వృద్ధుల్లో ఎక్కువగా వాడుకలో ఉంది. 1980లలో జర్మనీలోని ఉల్మ్‌లో హౌట్‌మన్, స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో స్టూడర్ అనే సర్జన్లు పేగుతోనే కొత్త మూత్రాశయం కుట్టే పద్ధతులను తీర్చిదిద్దారు. కానీ వయసు మీరిన వారిలో రాత్రిపూట పక్క తడపడం ఎక్కువ. అంతకన్నా పొట్టమీది సంచే నయమని చెప్పే డాక్టర్ల మాటలో న్యాయముంది.

1970కి ముందు ఆపరేషన్ వల్లే చనిపోయేవారి శాతం రెండంకెల్లో ఉండేది. 2001లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురించిన 1,054 మంది వివరాల్లో అది 2.5 శాతం. అయితే ఆపరేషన్ తర్వాత ముప్పై రోజుల్లోపు మరణాలనే లెక్కించడం వృద్ధుల విషయంలో మోసం చేస్తుంది. న్యుమోనియా, గుండె జబ్బు, మతిభ్రమ లాంటివాటితో మొదలైన పతనం మూడో నెలలోనూ ప్రాణం తీయవచ్చు. అందుకే ఇప్పుడు తొంభై రోజుల మరణాలను చూస్తారు. 80 దాటినవారిలో అవి స్పష్టంగా ఎక్కువే.

మూత్రాశయాన్ని రోబో సాయంతో తీసే శస్త్రచికిత్సను 2003లో డెట్రాయిట్‌కు చెందిన మణి మీనన్ బృందం నివేదించింది. మీనన్ పనిచేసిన యూరాలజీ సంస్థ తెలుగువాడైన రాజ్ వట్టికూటి విరాళంతో, ఆ దాత పేరిటే ఏర్పడింది. రోబోను మామూలు కోతతో పోలుస్తూ 350 మందితో చేసిన రేజర్ అనే పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. క్యాన్సర్ అదుపులో రోబోకూ, మామూలు కోతకూ తేడా కనబడలేదు. రక్తనష్టం మాత్రం తగ్గింది. లింఫు గ్రంథులను మరింత విస్తారంగా తీస్తే ఆయుష్షు పెరగదని, ఇబ్బందులే పెరుగుతాయని 2024లో మరో అమెరికా పరీక్ష తేల్చింది. పెద్దవాళ్లకు ఇది రోబో కన్నా పనికొచ్చే సమాచారం.

ఈలోగా తిరుగుదారి కూడా పట్టారు. బాగా నీరసించిన వృద్ధులకు పేగు జోలికి పోకుండా నాళాలను నేరుగా చర్మానికి కుట్టే పాత పద్ధతిని చాలాచోట్ల ఎంచుకుంటున్నారు. పేగు స్తంభించే ముప్పు, ఆపరేషన్ సమయమూ తగ్గుతాయి. అయితే చర్మం మీది రంధ్రం మూసుకుపోకుండా స్టెంట్లు మార్చుకుంటూ ఉండాలి.

ఆపరేషన్‌కు ఎవరు తగినవారో తేల్చడానికి ఏళ్లను కాక నడక వేగం, పోషణ, జ్ఞాపకశక్తి, కిడ్నీల పనితీరును తూచడం ఇప్పటి ధోరణి. ఆపరేషన్‌కు ముందిచ్చే సిస్‌ప్లాటిన్ కీమోథెరపీ మేలు 2003లోనే రుజువైనా, కిడ్నీలు సహకరించక చాలామంది వృద్ధులకు అది అందదు. ఆపరేషన్‌కు తగనివారికి కణితిని లోపలినుంచి గీకి, రేడియేషన్‌తో కీమో ఇస్తారు. 2012లో వెలువడిన 360 మంది బ్రిటన్ పరీక్షలో రేడియేషన్ ఒక్కటే ఇచ్చినదానికన్నా ఇది స్థానికంగా జబ్బును మెరుగ్గా అదుపు చేసింది. సిస్‌ప్లాటిన్ పడనివారికి ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్ అనే మందును పెంబ్రోలిజుమాబ్ అనే మరో మందుతో కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గిందని 2025లో ఫలితాలు వచ్చాయి.