సైనిక ఫిజీషియన్ అసిస్టెంట్లకు ప్రత్యేక వైద్య విభాగాలు

అమెరికా సైన్యంలో క్షేత్రస్థాయి బెటాలియన్లకు వైద్యసేవలు అందించడంలో ఫిజీషియన్ అసిస్టెంట్లు కీలక బాధ్యత వహిస్తున్నారు. ఈ వృత్తికి 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో నాంది పడింది. నౌకాదళ వైద్య సిబ్బందిగా పనిచేసినవారే తొలి విద్యార్థులు. 1992లో సైన్యం వీరికి కమిషన్డ్ అధికారుల హోదా కల్పించింది.

శిక్షణ: టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్ కేంద్రంగా సాయుధ దళాల ఉమ్మడి కోర్సు నిర్వహింపబడుతున్నది. కాలపరిమితి 29 నెలలు. ఇందులో 16 నెలలు తరగతి బోధన, 13 నెలలు ఆసుపత్రుల్లో శిక్షణ ఉంటాయి.

ప్రత్యేక విభాగాలు: సర్వీసులో అనుభవం గడించిన అనంతరం ఈ క్రింది విభాగాల్లో ఉన్నత శిక్షణ పొందవచ్చును.

1. అత్యవసర వైద్యం: తీవ్రంగా గాయపడినవారి ప్రాణరక్షణ.
2. ఎముకలు, కీళ్ల వైద్యం: శిక్షణలోను, యుద్ధంలోను కలిగే గాయాలకు చికిత్స.
3. విమానయాన వైద్యం: పైలట్లు, సిబ్బంది ఆరోగ్య అర్హతల పరిశీలన.

నిపుణులందరూ పెద్ద ఆసుపత్రులకే పరిమితమైనచో ముందువరుస దళాలకు వైద్యుల కొరత ఏర్పడుతుంది. కావున ప్రత్యేక శిక్షణకు ఎంపిక చేయునపుడు అభ్యర్థి ఆసక్తితోపాటు దళాల అవసరాలను కూడా పరిగణించవలసి ఉంటుంది.

భారతదేశంలో 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఈ వృత్తిని గుర్తించింది.