తిరగేసి చూస్తే...

చీరల కొట్లో కూర్చుని చీరని తిరగేసి చూడని ఆడవాళ్ళు వుంటారంటే నేను నమ్మను. పైన ఎంత మెరిసినా సరే, వెనకవైపు పోగులు చూశాకే బేరం!

చరిత్రకారులూ ఈ పని చేస్తారు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మన బందరులో వర్తక స్థావరాలు పెట్టుకున్నది ముఖ్యంగా బట్టల కోసమే. కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన అద్దకం బట్టలు కొన్ని ఈనాటికీ విదేశీ మ్యూజియాల్లో భద్రంగా వున్నాయి. వాటిలో కొన్నింటి వెనక కంపెనీ ముద్ర కనిపిస్తుంది. ఆ బట్ట ఎవరు కొన్నారో, ఏ కాలం నాటిదో పోల్చుకోవడానికి ఆ చిన్న ముద్రే ఆధారం.

ఫోటోలకీ అంతే. వెనకటి స్టూడియో ఫోటోలు దళసరి అట్టకి అంటించి ఇచ్చేవారు. అట్టమీద స్టూడియో పేరు, వూరు అచ్చువేసి వుండేవి. ఎవరి పెళ్ళి, ఏ సంవత్సరం అన్నది మాత్రం ఇంట్లోవాళ్ళు వెనక రాసుకోవలసిందే. మన బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసులో అలాంటి ఫోటో స్టూడియో నడిపినవారే. బొమ్మకి మాట జోడించి చూపించే విదేశీ యంత్రం మీద మనసుపడి, 1909లో ఆ స్టూడియోనే తాకట్టు పెట్టారు. ఆయనా, కుమారుడు సూర్యప్రకాశ్ కలిసి తీసిన 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ'ని తొలి తెలుగు చిత్రమని చెప్పుకుంటాం. చెప్పుకోవడమే గాని చూసే భాగ్యం లేదు. సినిమా ప్రతి మిగల్లేదు. బొమ్మ పోయినా దాని పేరు మనకి తెలిసిందంటే, ఎవరో ఎక్కడో రాసిపెట్టబట్టే కదా!

'తర్వాత రాద్దాంలే' అనుకుంటే మరిచిపోతామని కొడక్ కంపెనీవారు 1914లో ఒక చమత్కారం చేశారు. కెమెరా వెనక చిన్న తలుపు పెట్టారు. ఫోటో తీయగానే అది తెరిచి, లోహపు పుల్లతో తారీఖో పేరో రాస్తే ఆ అక్షరాలు ఫిల్ము అంచున పడేవి. ఆ తర్వాత ఫోటో మూలన నారింజరంగు తారీఖు అచ్చుపడే కెమెరాలు వచ్చాయి. చివరికి 1995లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘంవారు 'ఎగ్జిఫ్' అనే పద్ధతి తెచ్చారు. దాంతో రాత బొమ్మ లోపలికే వెళ్ళిపోయింది. దీన్నే మెటాడేటా అంటున్నారు.

చూడటం కష్టమేమీ కాదు. చాలా ఫోన్లలో ఫోటో తెరిచి వేలితో పైకి జరిపితే చాలు. కంప్యూటర్లో అయితే ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడాలి. తీసిన రోజు, గంట, నిమిషం, ఏ కెమెరా అన్నీ వుంటాయి. లొకేషన్ తెరిచి వుంచితే ఏ చోట తీశామో కూడా పడుతుంది. పిల్లల ఫోటోలు కొత్తవాళ్ళకి పంపేముందు ఆ సంగతి గుర్తుంచుకోండి. మన ఇంటి గుమ్మం ఎక్కడుందో ఆ ఫోటోయే చెప్పేయగలదు.

ఇంకో రహస్యం వుంది, షట్టర్ కౌంట్. గుడివాడ వైపు పాడిగేదెని కొనేవాళ్ళు ముందు పళ్ళు చూస్తారు, ఎన్నో ఈత అని అడుగుతారు. అమ్మేవాడు మాత్రం ఎప్పుడూ తొలిచూలే అంటాడు! పాతకెమెరా అమ్మేవాళ్ళూ అంతే, 'ఇంట్లోనే వాడామండీ' అంటారు. కెమెరాలో షట్టర్ అనే సన్నని రెక్కల తెర వుంటుంది. ఫోటో తీసినప్పుడల్లా అది తెరుచుకుని మూసుకుంటుంది, అరుగుతుంది. నికాన్ డి850 షట్టర్‌ని 2 లక్షల ఫోటోలకి, కానన్ 5డి మార్క్ 4 షట్టర్‌ని లక్షా 50 వేలకి పరీక్షించామని ఆ కంపెనీలే చెప్పాయి. పెళ్ళికి 3 వేల ఫోటోల చొప్పున ఏడాదికి 30 పెళ్ళిళ్ళు తీసిన కెమెరా ఎంత నడిచిందో మీరే లెక్కవేయండి. 90 వేలు! నికాన్ కెమెరాలు ఈ లెక్కని ఫోటోలోనే దాచిపెడతాయి. ఏమీ మార్చని ఫోటో ఒకటి అడిగి తీసుకుని, 'ఎగ్జిఫ్‌టూల్' వంటి ప్రోగ్రాముతో చదవవచ్చు. కానన్‌వి చాలావరకు ఫోటోలో దొరకవు. కెమెరానే కంప్యూటర్‌కి తగిలించి చూడాలి. వీడియోలు ఎన్ని గంటలు తీశారో మాత్రం ఈ లెక్కలోకి రాదు.

ఇంత తెలిసిన యంత్రానికి తెలియనిది ఒకటుంది. దానికోసం దివిసీమ దాకా వెళ్ళాలి.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారని లెక్కలు చెబుతున్నాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరపు వూళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మనుషులే మిగలనిచోట ట్రంకుపెట్టెల్లోని ఫోటోలు ఏం మిగులుతాయి? ఏ యింట్లోనైనా ఉప్పునీటి మరకపడ్డ ఫోటో ఒకటి మిగిలిందనుకోండి. మనవడు దాన్ని ఫోన్‌తో ఫోటో తీసి బంధువులందరికీ చూపిస్తాడు. దాని మెటాడేటా ఏం చెబుతుంది? ఇవాళ్టి తారీఖు, మనవడి ఫోన్ పేరు. అది అబద్ధమేమీ కాదు. ఫోన్ చూసింది కాగితాన్ని, అందులో జడకుచ్చులతో నిలబడ్డ పిల్లని కాదు. ఆ పిల్ల ఎవరో, ఉప్పెనరాత్రి ఏమైందో ఏ ఎగ్జిఫ్‌లోనూ వుండదు.

అది చెప్పగలిగినవాళ్ళు ఇంకా వున్నారు. కాని ఆనాడు పాతికేళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు డెబ్బై దాటాయి. అందుకని ఈ సెలవుల్లో ఒక మధ్యాహ్నం పాత ఆల్బమ్ తీసి, ఇంట్లోని పెద్దావిడ పక్కన కూర్చోండి. 'అమ్మమ్మా, వీళ్ళెవరు?' అని వరసగా అడగండి. ఫోటో వెనక మెత్తని పెన్సిలుతో రాయండి, బాల్‌పెన్నుతో రాస్తే గాటు ముందువైపుకి తేలుతుంది. ఫోన్లోని ప్రతిలోనూ తారీఖు దిద్ది, వివరం రాసేచోట పేర్లు ఎక్కించండి. ఎవరి కూతురో, ఏ వూరో అదీ రాయండి. గంటా నిమిషం రాయడం కెమెరా చూసుకుంటుంది, పేర్లు రాయవలసింది మాత్రం మనమే.